రేడియోలో పొందిక

రేడియో యనగానే మన బాలబాలికలకు మార్కొనీ పేరొక్కటే నేర్పుచున్నాము. శక్తిని పుట్టించుట యొక విద్య. దానిని ఏరియలునకు చేర్చుట మరియొక విద్య. ఈ రెండవది పెక్కుమంది కృషికి ఫలమని మేము మనవి చేయుచున్నాము.

తొలినాటి యంత్రములలో నిప్పురవ్వ యెగురు సందు ఏరియల్ తీగలోనే యుండెడిది. అందుచే విద్యుత్కంపనములు పుట్టినంతనే అణగిపోయెడివి. 1897లో ఇంగ్లండున ఆలివర్ లాడ్జి, తీగచుట్టతో ఏరియలునకు శ్రుతి కూర్చు పద్ధతికి పేటెంటు కోరెను. 1898లో జర్మనీయందు ఫెర్డినాండ్ బ్రౌన్, రవ్వ పుట్టు వలయమును ఏరియల్ నుండి వేరుచేసి, తీగచుట్టల ద్వారా రెంటిని జతపరచెను. 1900లో మార్కొనీ ఇట్టి వలయములన్నిటిని ఏకశ్రుతికి తెచ్చి, 7777 సంఖ్యగల బ్రిటిషు పేటెంటునకు దరఖాస్తు చేసెను.

1909లో నోబెల్ బహుమానము మార్కొనీకిని బ్రౌనునకును కలిపి ఇచ్చిరి. 1943లో అమెరికా సుప్రీంకోర్టు, మార్కొనీ శ్రుతి పేటెంటులోని ముఖ్యాంశములు లాడ్జి, టెస్లా, జాన్ స్టోనుల పనిలో ముందే కలవని తీర్పు చెప్పెను.

నేటి రేడియో ఔత్సాహికుల వర్ధకములు సాధారణముగా 50 ఓముల అవరోధమునకు అమర్చబడియుండును. 50 ఓముల తీగకు 150 ఓముల ఏరియలును తగిలించినచో, దానిని చేరిన శక్తిలో నాలుగవ వంతు వెనుకకు మరలును. నడుమ నుంచిన ట్యూనరు వర్ధకమును ఆ బాధనుండి కాపాడును. కాని ఏరియల్ లోపమును దిద్దజాలదు, తీగలోని నష్టమును మాన్పజాలదు.

ఆ చిన్న పెట్టెలో ఇందరి బుద్ధి ఇమిడియున్నది. ఆ పేర్లన్నియు చెప్పి నేర్పినగాని మన పిల్లలకు శాస్త్రము నేర్పినట్లు కాదు.