రెండో తూటా

"మట్టిపిట్టల ఆటకు సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ కొనదలచుకున్నాను. ఏది మేలు?" అని సిరిసిల్లలో పుట్టి టెక్సస్‌లో స్థిరపడిన మిత్రుడొకరు ఈమధ్య అడిగారు. ఆయుధాల చరిత్ర చదివే నా అలవాటు ఆయనకు తెలుసు. జవాబు పది వాక్యాల్లో చెప్పవచ్చు, ఈ టపాలోనే చెబుతాను. కాని 'ఏది మేలు' అన్న ఆ రెండు మాటలు నన్ను చాలా రోజులు వదలలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో తుపాకి గురించి తరతరాలుగా ప్రశ్నలు పుడుతూనే ఉన్నాయి. ఎవరింట్లో ఉంది, ఎవరి మీద పేలింది, ఎవరి అనుమతితో పేలింది అనేవే ఆ ప్రశ్నలు. నాలుగు రకాలు ముందు పెట్టుకుని తీరిగ్గా ఎంచుకునే భాగ్యం ఇక్కడ చాలా కొద్దిమందిది. ఈ తేడా మూలం వెతుక్కుంటూ పోతే కథంతా ఒక చిన్న సంగతి చుట్టూ తిరుగుతున్నట్టు తోచింది. మొదటి తూటా పేలాక రెండోది పేలడానికి ఎంతసేపు పడుతుంది, ఆ రెండోదాని మీద హక్కు ఎవరిది అన్నదే ఆ సంగతి.

ముందు ఆట సంగతి. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పినవారికి ఇది సగం తెలిసినట్టే. ఎగిరే పిట్ట ఉన్నచోటికి రాయి విసిరితే లాభం లేదు, అది పోబోయే చోటికి విసరాలి. ఇంగ్లండులో 18వ శతాబ్దం చివరినాటికే పెట్టెల్లోంచి బతికున్న పావురాలను వదిలి కాల్చే పందేలు ఉండేవి. 19వ శతాబ్దంలో పావురాలకు బదులు గాజుబంతులు వచ్చాయి. 1880లో సిన్సినాటికి చెందిన జార్జ్ లిగావ్‌స్కీ మట్టి బిళ్ళకూ, దాన్ని విసిరే యంత్రానికీ రూపమిచ్చాడు. మట్టి అనే పేరు మిగిలిందే గాని తరువాతి బిళ్ళలు తారుజిగురు, సున్నపురాతి పొడి కలిపి పోసినవి. వ్యాసం 11 సెంటీమీటర్లు, బరువు 105 గ్రాములు. పావురానికి ప్రాణం దక్కింది, మనిషికి ఆట మిగిలింది.

ఈ ఆటలో ట్రాప్, స్కీట్ అనేవి కొలిచి గీసిన మైదానాల్లో సాగుతాయి. మిత్రుడు అడిగిన 'స్పోర్టింగ్ క్లేస్' చెట్ల మధ్య, వాగుల పక్కన, ఎగుడుదిగుడు నేల మీద సాగే ఆట. ఇంగ్లండులో 1920లలోనే దీనికి పోటీలు మొదలయ్యాయి. అమెరికాలో 1980లలో వ్యాపించింది, అక్కడి జాతీయ సంఘం 1989లో ఏర్పడింది. ఒక నిలుపులో బిళ్ళ కుందేలులా నేల మీద దొర్లుతుంది, మరో నిలుపులో బాతులా తలమీదుగా పోతుంది. సాధారణంగా బిళ్ళలు జంటగా వస్తాయి. కొన్నిచోట్ల రెండూ ఒకేసారి లేస్తాయి. కొన్నిచోట్ల మొదటి తుపాకి మోత విన్నాకనే రెండోదాన్ని వదులుతారు. అంటే ఆటగాడి నైపుణ్యమంతా రెండో తూటాలో ఉంది.

మా ప్రాంతంలో రెండో తూటా కథ జగిత్యాల కోట దగ్గర మొదలుపెట్టవచ్చు. 1747లో ఎలగందుల పాలకుడు ఇబ్రహీంఖాన్ ధంసా ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించాడని చెప్పే ఈ కోట నక్షత్రాకారంలో ఉంటుంది. ఆ ఆకారం అందం కోసం వచ్చింది కాదు. ఆనాటి ఫిరంగి ఒక్కసారి పేలితే మళ్ళీ గొట్టం తుడిచి, మందు దట్టించి, గుండు వేసేదాకా మూగదే. ఆ మూగ క్షణాల్లో శత్రువు గోడ అడుగుకు చేరవచ్చు. అందుకని ఒక బురుజు అడుగును పక్క బురుజు కాపు కాసేట్టు కొసలు కొసలుగా కట్టారు. రెండో గుండు ఆలస్యమవుతుందన్న భయమే అక్కడ రాతిగోడగా మారింది.

ఊళ్ళలోని బర్మారు తుపాకిదీ అదే తంతు. మూతి వైపు నుంచి మందు పోయాలి, పీచు కుక్కాలి, సీసపు రవ్వలు వేయాలి, గజంతో దట్టించాలి, మీట దగ్గర టోపీ పెట్టాలి. చేయి తిరిగినవాడికైనా వెంటనే అయ్యే పని కాదు. అడవిపంది ఎదురు తిరిగితే ఇక కాళ్ళే దిక్కు. దొరల గడీల్లో గోడకు వేలాడినది మాత్రం వేరు. అది జోడుగొట్టాల తుపాకి, ఉర్దూ మాటల్లో 'దోనాలీ'. వెనకవైపు విరిచి రెండు తూటాలు పెట్టి మూస్తే చాలు. సాధారణంగా అది పన్నెండు బోరుది. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కొక్కటి ఎంత లావుంటుందో అంత లావు గొట్టమని ఆ లెక్కకు అర్థం. ఈ లెక్క మిత్రుడు కొనబోయే తుపాకికీ అదే.

రైతు చేతిలో ఒక్క తూటా, దొర చేతిలో రెండు. దొరకు పొద తట్టి జంతువును లేపే పని వెట్టివాళ్ళది, గురి చూసే పని దొరది. పేలని తుపాకి కూడా గోడ మీద ఉండి పని చేస్తుందని గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడినవారికి ఎవరూ నేర్పనక్కర లేకపోయింది. అందుకే తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలు మొదట వెతికినవాటిలో దొరలు, పటేళ్ళ ఇళ్ళలోని తుపాకులు కూడా ఉన్నాయి. సిరిసిల్ల తాలూకా గాలిపల్లికి చెందిన బద్దం ఎల్లారెడ్డి ఆ పోరాటపు ముఖ్యనాయకుల్లో ఒకరు. కరీంనగర్ జిల్లాలో దళాన్ని నడిపిన అనభేరి ప్రభాకరరావు 1948 మార్చి 14న మహమ్మదాపురం గుట్టల్లో నిజాం బలగాలతో పోరాడుతూ నేలకొరిగారు. దళాలు ఎక్కువగా బర్మార్లతోనే మొదలుపెట్టాయి. ఎదుటివారి దగ్గర రెండో తూటాకు కొదవ లేదు.

మన దగ్గర లెక్క ఒకటీ రెండూ దగ్గర ఉండగానే ఐరోపాలో అది అయిదుకు చేరింది. జాన్ మోజెస్ బ్రౌనింగ్ అనే అమెరికన్, పేలినప్పుడు భుజాన్ని తన్నే శక్తినే పనికి పెట్టవచ్చునని గ్రహించాడు. ఆయన తుపాకిలో గొట్టమూ, దాని వెనక తలుపూ కలిసి వెనక్కి జరుగుతాయి. గొట్టం ముందుకు తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ తూటా బయటపడుతుంది, తలుపు మూసుకుంటూ కొత్త తూటాను లోపలికి నెడుతుంది. మీట మళ్ళీ నొక్కడమే మనిషి పని. హక్కుల సొమ్ము విషయంలో వించెస్టర్ కంపెనీతో పొసగలేదు. 1902 జనవరిలో ఆయన రెమింగ్టన్ కంపెనీకి వెళ్ళి అధ్యక్షుడి కోసం ఎదురుచూస్తుండగా, ఆ అధ్యక్షుడు మార్సెల్లస్ హార్ట్‌లీ గుండెపోటుతో మరణించినట్టు కబురొచ్చింది. చివరికి బెల్జియంలోని ఎఫ్.ఎన్. కర్మాగారం దాన్ని 'ఆటో-5' పేరుతో తయారు చేసింది. రెమింగ్టన్ కూడా 1905లో అదే నమూనాను అమ్మకానికి తెచ్చింది.

ఆ తరువాతి శాఖలు రెండు. తూటా పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత గొట్టంలోని రంధ్రాల ద్వారా మళ్ళించి తలుపును నడిపేది ఒకటి. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 దీన్ని ఆటగాళ్ళకు దగ్గర చేసింది. రెండోది 1967లో ఏర్పడిన ఇటలీ సంస్థ బెనెల్లి పేరుతో ప్రసిద్ధమైంది. తుపాకి మొత్తం వెనక్కి తన్నినా లోపలి బరువైన భాగం ఉన్నచోటే ఉండబోతుంది. ఆ తేడాలో ఒక స్ప్రింగు నొక్కుకుని తలుపును నడిపిస్తుంది. బస్సు కదలగానే నిలబడ్డవాళ్ళు వెనక్కి తూలడంలో ఉన్న సూత్రమే ఇది.

ఇక మిత్రునికి నా జవాబు. కంపెనీ పేరు కంటే ముందు మీ ఒంటికి సరిపోయేది చూడండి. షాట్‌గన్‌ను రైఫిలులా గురి పెట్టరు, వేలితో చూపినట్టు చూపుతారు, కనుక వెనక గుర్తు మీ కన్నే. మీ ఏలే కన్ను ఏదో ముందు తేల్చుకోండి. భుజానికి ఆనే కర్ర పొడవూ, చెంప ఆనే ఎత్తూ సరిపడకపోతే ఎంత ఖరీదైనదైనా బిళ్ళ పైనుంచో కిందనుంచో పోతుంది. చాలా తుపాకులకు ఆ వంపు మార్చే బిళ్ళలు పెట్టెలోనే ఇస్తారు. రోజుకు వంద తూటాలు కాల్చే ఆట ఇది. వాయువుతో నడిచేది భుజాన్ని మెత్తగా తన్నుతుంది, కాని మసి పట్టి తరచూ శుభ్రం కోరుతుంది. రెండో రకం తేలిక, శుభ్రం, కాని గట్టిగా తన్నుతుంది. ఈ ఆటకు మొదటి రకం, ముప్పై అంగుళాల దరిదాపు గొట్టం, కాస్త బరువు మేలు. బరువు తన్నును మింగుతుంది, ఊపును నిలకడగా ఉంచుతుంది. గొట్టం మూతి బిగుతును మార్చుకునే మరచోకులు ఉండాలి. ఖాళీ తూటాలు పక్కవారి మీదికి ఎగిరిపడతాయి, నిలబడేచోటు చూసుకోండి. పైనొకటి కిందొకటి గొట్టాలున్న తుపాకి చెడిపోయే అవకాశం తక్కువ, రెండు బిగుతులూ ఒకేసారి ఇస్తుంది, విరిస్తే ఖాళీదని అందరికీ కనిపిస్తుంది. భుజం సున్నితమైతేనే సెమీ ఆటోమేటిక్. ఇంకో మాట, అందులో ఎన్ని పట్టినా ఆ ఆటలో జంటకు రెండే తూటాలు నింపనిస్తారు. మూడోదానికి చోటు లేదు.

ఇదే ప్రశ్న సిరిసిల్ల నుంచే అడిగి ఉంటే నా జవాబు ఒక్క వాక్యం: మీ చేతిలో లేదు. 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. దాని కింద చేసిన నియమాల్లో సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషిద్ధ ఆయుధాల సరసన మొదటి తరగతిలో చేర్చారు. జోడుగొట్టాలకు జిల్లా స్థాయిలో లైసెన్సు రావచ్చు. మీట నొక్కితే తనంత తాను నింపుకునేదానికి సామాన్యుడు ఆశపడే వీలు లేదు. చేత్తో ముందుకూ వెనక్కూ లాగి నింపే పంప్ యాక్షన్‌కు అనుమతి ఉంది, ఇక్కడి ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలే దాన్ని చేసి అమ్మాయి కూడా. రెంటికీ తేడా చేతి కదలిక ఒక్కటే. రెండో తూటాకు చెయ్యి శ్రమపడాలన్నదే చట్టం గీసిన గీత. ఆటకు ఏ గుణం మేలైందో ఆ గుణమే రాజ్యానికి భయమైంది.

ఆ తర్వాత తుపాకికి పని తగ్గింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారుకు కళ్ళెం పడింది. భయం మాత్రం పెరిగింది. 1978 సెప్టెంబరు 7న కూలిరేట్లు, వెట్టి, బంజరు భూముల విషయాల మీద వేలాది రైతుకూలీలు జగిత్యాలలో కూడారు. అదే జగిత్యాల జైత్రయాత్ర. దొరలకు ఊళ్ళు సాంఘిక బహిష్కరణ విధించాయి, చాలామంది దొరలు పట్టణాలకు తరలిపోయారు. అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రభుత్వం ప్రకటించింది. అందుకు ఆధారమైన 1948 నాటి చట్టం ప్రకారం, ఎస్సై హోదాకు తగ్గని పోలీసు అధికారి తనకు అవసరమని తోచిన హెచ్చరిక చేసి ప్రాణం పోయేదాకా కాల్పులు జరపవచ్చు. ఒకప్పుడు గడీ గోడ మీద ఉన్న హక్కు చట్టం పుటలోకి మారింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో రెండు వైపులా తుపాకులు పెరిగాయి. మధ్యలో ఉన్నవారికి మోత విని అది ఏ వైపుదో పోల్చుకోవడమే మిగిలింది.

ఆ సంవత్సరాల్లోనే కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల యువకులు పెద్దసంఖ్యలో గల్ఫ్ దారి పట్టారు. ఎడారిలో రాజకుటుంబాలకు ఈ మట్టిపిట్టల ఆట ఇష్టమైన వినోదం. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ డబుల్ ట్రాప్‌లో దుబాయి పాలకవంశీకుడు అహ్మద్ అల్ మక్తూమ్ 189 బిళ్ళలు పగలగొట్టి స్వర్ణం గెలిచారు, 179తో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ రజతం తెచ్చారు. అంతకు ముందు మన దేశంలో ఈ ఆటకు పేరు తెచ్చిన బికనీరు మహారాజు కర్ణీసింగ్ 1962 కైరో ప్రపంచ పోటీల్లో రజతం గెలిచారు. రాజు, అమీరు, సైనికాధికారి — ఈ ఆటలో పేర్లు ఎక్కడివో చూడండి. హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్ళారు, 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో జట్టుతో స్వర్ణం, వ్యక్తిగతంగా కాంస్యం తెచ్చారు. తెలుగునేల మీద ఈ ఆట ఉంది, కాని గోదావరి ఒడ్డు దాకా ఇంకా రాలేదు.

ఈనాటికీ మొక్కజొన్న, పసుపు చేలల్లో అడవిపందులు పడితే రైతు స్వయంగా తుపాకి ఎత్తలేడు. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అధికారి అనుమతి రావాలి, కాల్చేవాడు వేరే రావాలి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు పోలీసు ఠాణాకు చేరతాయి. ఇది తప్పని నేననను. ఒక్క తూటాతోనే ఇంత చూసిన నేల మీద అయిదు తూటాలను అంగట్లో పెట్టమని అడగడానికి నాకు నోరు రాదు. అయితే తుపాకిని పట్టుకుని, ఎవరూ చావకుండా, ఒక నల్లబిళ్ళ ఆకాశంలో పొడి అయితే చప్పట్లు కొట్టే మధ్యాహ్నం ఒకటి ఈ మూడు ఊళ్ళకూ దక్కాలని మాత్రం కోరుకుంటాను. ఆ రోజు 'ఏది మేలు' అనేది మామూలు ప్రశ్న అవుతుంది.

మీ ఊళ్ళలోని పాత తుపాకుల కథలు, పెద్దల నోట విన్నవి ఉంటే రాయండి. అవి రాతలోకి రాకముందే ఆ పెద్దలు వెళ్ళిపోతున్నారు.