తామర కాదది, విచర్చిక

మా సెంటినరీ కాలనీల టీ హోటల్ కాడ పొద్దుమూకి కూసుంటే, కాలు గోక్కునేటోళ్లు ఒక్కలన్న కనవడ్తరు. బాయిల దిగేటోళ్లకు రబ్బరు బూట్లల్ల షిఫ్టంత చెమట, నీళ్లు. ఓసీల దుమ్ము. ఏమైందన్నా అంటే "తామర" అంటరు. అన్నీ తామరలు కావు తమ్మీ. గుండ్రంగ అంచుకట్టి పాకేది తామర, అంటుకుంటది. ఎగ్జిమా అంటుకోదు. తగ్గుతది, మళ్ల లేస్తది, గోకి గోకి చర్మం మందమై నల్లవడ్తది. గీ తేడా తెల్వకనే మనిషిని దూరం కూసోవెడ్తున్నరు.

ఆయుర్వేదంల దీనికి దగ్గరి పేరు విచర్చిక. చరకుడు చర్మరోగాలను 'కుష్ఠం' అనే ఒక్క గంపల వేసి 18 రకాలు జెప్పిండు, 7 పెద్దయి, 11 చిన్నయి. మనం కుష్టు అనే రోగమొక్కటే కాదది. విచర్చిక చిన్నదాంట్లది: దురద, నల్లటి పొక్కులు, బాగ రసి కారుడు. కఫం ఎక్కువైతే వస్తదన్నడు. సుశ్రుతుడేమో ఎండి గీతలువడే చర్మాన్ని విచర్చిక అన్నడు. నాకైతే ఇద్దరు ఒకే రోగం పచ్చిగున్నప్పుడొకలు, ఎండినంక ఒకలు చూసిండ్రనిపిస్తది.

కారణాలల్ల ఎండల, కష్టంల అలిసి ఎంటనే సల్లనీళ్లు వాడుడు గూడ రాసిండు చరకుడు. పాపం జేసినోళ్లకు, గురువులను ధిక్కరించినోళ్లకు వస్తదని గూడ రాసిండు. గది నేనొప్పుకోను. బూట్లేసుకొని బాయిల దిగుడు ఏం పాపం?

వైద్యం కక్కించుడు, విరేచనం, రక్తం తీసుడు, పైన లేపనాలు. చరకుని సూత్రస్థానం మూడో అధ్యాయం పేరే మన రేలచెట్టు మీద ఉన్నది, అండ్ల చర్మరోగాల లేపనాలే. మా పక్క రామగిరి ఖిల్లా మందుచెట్లకు పేరువడ్డది. అట్లని ఆకు దంచి పచ్చి పుండు మీద పెట్టకుర్రి, ఇంక మండుతది.

నా ఎడమ కాలుకు గీ రోగం పదకొండేండ్ల సంది ఉన్నది. ఒగాయన పేరు లేని డబ్బీల మలాము ఇచ్చిండు. మూడొద్దులల్ల మాయమైంది, ఆపంగనే రెండింతలు లేసింది. స్టెరాయిడ్ కలిపితే గట్లనే అయితది, అండ్ల కలిపిండ్రని మాత్రం రుజువు జేయలేను. 2004ల అమెరికాల, బోస్టన్ దుకాణాల్ల అమ్మే 70 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 14ట్ల సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటియి దొరికినయి. లేబుల్ లేంది ముట్టకుర్రి.

ఇప్పుడు నేను చేసేది చిన్న పనే. సబ్బు తక్కువ, తానం కాంగనే తడి ఆరకముందే వాజిలిన్, షిఫ్టుకో కొత్త నూలు సాక్సు. లేస్తే చర్మం డాక్టర్ చెప్పినన్ని దినాలే మలాము.

ఇంకో ముచ్చట. 2025 దాక నడిచిన 1923 నాటి కార్మిక పరిహార చట్టం మూడో షెడ్యూల్‌ల పనితోని వచ్చే చర్మరోగాలు గూడ ఉండె. కాంట్రాక్టు తమ్ముండ్లు, డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు ఏ పని జేస్తున్నరో చీటీ మీద రాయించుకోర్రి.