వెర్రివాళ్ళ పండగది ఏ ఊరు?

ఏటా మార్చి నెలాఖరు వచ్చేసరికి పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతుంది. మన ఉగాదిని ఎగతాళి చెయ్యడానికి తెల్లదొరలు పుట్టించిన రోజే ఏప్రిల్ ఫూల్ అట. ఆ రోజున కొత్త సంవత్సరం చేసుకునేవాళ్ళంతా వెర్రివాళ్ళని ముద్ర వేశారట. అడుగున ఎప్పుడూ ఉండే మాట ఒకటే: కనీసం పది మందికి పంపండి.

ఈ ‘పంపండి’ దగ్గర కాసేపు ఆగాలి. స్కాట్లండ్‌లో ఏప్రిల్ 1న ఆడే పాత ఆట ఒకటుంది. అమాయకుడొకడిని పట్టుకుని, అంటించిన ఉత్తరం చేతిలో పెట్టి, చాలా అర్జంటు, ఫలానా ఆయనకి అందించి రమ్మంటారు. ఆయన విప్పి చూస్తే లోపల ఉండేది, వీణ్ణి ఇంకో మైలు నడిపించమని. నవ్వు ఆపుకుని, ‘ఇది నావల్ల అయ్యే పని కాదు నాయనా, పక్క ఊళ్ళో ఫలానా వాడికి చూపించు’ అని ఆయన మరో ఉత్తరం రాసిస్తాడు. ఆ పక్క ఊరాయనా అదే పని చేస్తాడు. ఉగాది మెసేజ్‌ను నమ్మి పది మందికి పంపిన పెద్దమనిషి ఏ ఆటలో ఉన్నాడో వేరే చెప్పక్కర్లేదు.

ఎందుకంటే ఆ మెసేజ్ ఒక్క తేదీకే కూలిపోతుంది. ఫ్లాండర్స్‌లోని బ్రూజ్ నగరానికి చెందిన ఎడ్వర్డ్ డె డేనె అనే కవి 1561లోనే ఒక హాస్య కవిత రాశాడు. అందులో ఓ దొర ఏప్రిల్ 1న తన నౌకరును పనికిరాని పనుల మీద ఊరంతా తిప్పుతాడు. నౌకరుకి అనుమానం వస్తూనే ఉంటుంది, వెళ్తూనే ఉంటాడు. ఏప్రిల్ ఒకటి వేళాకోళానికి ఇంతకంటే పాతదీ ఇంత స్పష్టమైనదీ అయిన సాక్ష్యం దొరకలేదు. ఈస్టిండియా కంపెనీకి లండన్‌లో పట్టా వచ్చింది 1600 డిసెంబరు 31న. కంపెనీ పుట్టక ముందే ఫ్లాండర్స్‌లో నౌకర్లు వెర్రివాళ్ళవుతున్నారు. పైగా మన ఉగాది ఏప్రిల్ ఒకటిన కూర్చుని ఉండే పండగా? 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న. ఎగతాళి చెయ్యాలన్నా ఏటా పంచాంగం చూసుకోవాలి.

చదువుకున్నవాళ్ళు నమ్మే కథ వేరే ఉంది. ఫ్రాన్స్ రాజు తొమ్మిదో చార్లెస్ 1564లో రూసియో శాసనంతో సంవత్సరాదిని జనవరి 1కి మార్చాడనీ, సంగతి తెలియక పాత పద్ధతిలో ఏప్రిల్లో పండగ చేసుకున్నవాళ్ళను చూసి జనం నవ్వారనీ పుస్తకాల్లో కూడా రాస్తారు. 1561 నాటి నౌకరు ఈ కథకీ అడ్డం నిలబడతాడు. అంతకుముందు ఫ్రాన్స్‌లో చాలాచోట్ల సంవత్సరం ఈస్టర్‌తో మొదలయ్యేది, ఏప్రిల్ 1తో కాదు. ఇక 1983లో జరిగింది మరీ తమాషా. బోస్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జోసెఫ్ బోస్కిన్‌ను ఏప్రిల్ ఫూల్ పుట్టుక గురించి అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరి అడిగితే, కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఒక విదూషకుణ్ణి ఒకరోజు రాజును చేశాడని అక్కడికక్కడ కట్టుకథ అల్లి చెప్పాడు. అమెరికా పత్రికలు దాన్ని నిజమనుకుని అచ్చేశాయి. ఫూల్స్ డే చరిత్ర రాసేవాడు మొదట అనుమానించాల్సింది తనకు చరిత్ర చెప్పేవాణ్ణే.

ఉగాది మెసేజ్‌లో వెర్రి ఎంత ఉన్నా, ఏప్రిల్ ఫూల్‌నీ మన దేశాన్నీ కలిపి చూసిన మొదటి మనిషి వాట్సాప్ వాడు కాదు. ఆయన నిజంగానే కంపెనీ మనిషి. మన దారిన నడిచి వెళ్ళినవాడు కూడా.

పేరు కల్నల్ థామస్ డీన్ పియర్స్. బెంగాల్ ఫిరంగి దళానికి అధిపతి. కలకత్తాలో 1780 ఆగస్టు 17న గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్, తన కౌన్సిల్ సభ్యుడు ఫిలిప్ ఫ్రాన్సిస్‌తో పిస్తోళ్ళ ద్వంద్వయుద్ధం చేశాడు కదా, ఆ తెల్లవారుజామున హేస్టింగ్స్ పక్షాన సాక్షిగా నిలబడింది ఈ పియర్సే. ఫ్రాన్సిస్‌కు తూటా తగిలింది, బతికాడు. నెల తిరక్కుండానే దక్షిణాన పొల్లిలూరు దగ్గర హైదర్ అలీ సైన్యం కంపెనీ దళాన్ని తుడిచిపెట్టింది. మద్రాసును కాపాడుకోవడానికి బెంగాల్ నుంచి సిపాయిలను పంపాల్సి వచ్చింది. ఓడెక్కి సముద్రం మీద వెళ్ళడానికి ఒప్పుకోని సిపాయిలు చాలామంది. అందుకని నడిపించారు. 1781 జనవరిలో మేదినీపూర్ నుంచి సుమారు అయిదు వేల మందితో పియర్స్ బయల్దేరాడు.

మార్చిలో గంజాం చేరేసరికి కలరా తగులుకుంది. భారతదేశంలో కలరా చరిత్ర రాసినవాళ్ళు ఎవరైనా ఆ గంజాం మజిలీని ప్రస్తావించకుండా ముందుకు పోరు. ఒక్క రోజులోనే వందల మంది పడిపోయారు. మిగిలినవాళ్ళు తేరుకుని మళ్ళీ దక్షిణం దారి పట్టారు. అక్కణ్ణుంచి చికాకోలు, అంటే మన శ్రీకాకుళం, వెళ్ళాలంటే ఒకవైపు మహేంద్రగిరి కొండలు, ఇంకోవైపు సముద్రం, మధ్యలో ఉన్నది ఈ సన్నటి పట్టీయే. ఈనాడు ఉద్దానం తోటలు, పలాస జీడి ఫ్యాక్టరీలు, టెక్కలి చెరువులు, హౌరా–చెన్నై రైలు పట్టాలు అన్నీ ఆ ఇరుకులోనే సర్దుకున్నాయి. ఆగస్టుకు పియర్స్ మద్రాసు ఉత్తరాన కంపెనీ సేనాని ఎయిర్ కూట్ సైన్యంతో కలిశాడు.

యుద్ధం ముగిసి కలకత్తా తిరిగి వెళ్ళాక ఆయనకి చదువు మీద ధ్యాస మళ్ళింది. విలియం జోన్స్ 1784లో పెట్టిన ఏషియాటిక్ సొసైటీకి 1785 మేలో ఒక చిన్న వ్యాసం రాసిచ్చాడు. విషయం రెండు హిందూ పండగలు. 1789లో ఆయన చనిపోయాడు, మరుసటి సంవత్సరం సొసైటీ సంపుటంలో అది అచ్చయింది. హోలీ రోజుల్లో జనం ఒకరినొకరు ఉత్తుత్తి పనుల మీద పంపి, వాళ్ళు ఉత్త చేతులతో తిరిగొస్తే నవ్వుకుంటారని అందులో రాశాడు. ఇంట్లో ఉండడని తెలిసిన పెద్దమనిషి పేరు మీద, ఫలానా వేళకు రమ్మని ఉత్తరాలు కూడా పంపేవారట. ఎంత ఎక్కువ తిప్పితే అంత పెద్ద నవ్వు. సిరాజుద్దౌలా నవాబుకి కూడా ఈ సరదా బాగా ఉండేదని తాను విన్నట్టు చెప్పాడు. ఇంగ్లండులో ఏప్రిల్ ఒకటిన చేసేదీ ఇలాంటిదే కదా అన్నది ఆయన చూపిన పోలిక.

పియర్స్ ఈ అలవాటును చూసింది బెంగాల్‌లో. మన తీరంలో ఇలా జరిగిందని ఆయన రాయలేదు, నేనూ ఆయన చేత రాయించను. హోలీ మాత్రం మన జిల్లాకు కొత్తది కాదు. శ్రీకూర్మంలో ఫాల్గుణ పున్నమి డోలోత్సవానికి ముందు కామదహనం చేస్తారు. ఒడియా కుటుంబాలున్న ఇచ్ఛాపురం, సోంపేట వైపు డోల పున్నమి సందడి ఇంకాస్త ఎక్కువ. పియర్స్ మాట పట్టుకుని థామస్ మారిస్ లాంటి పండితులు పర్షియా నౌరోజ్ దాకా, ఆసియా ఖగోళ పురాణాల దాకా వెళ్ళారు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో లోకమంతా ఒకేలా నవ్విందని తేల్చారు. వినడానికి బాగుంటుంది. ఇక్కణ్ణుంచి అక్కడికి ఆ అలవాటు ఎవరు మోసుకెళ్ళారో చూపించే కాగితం మాత్రం ఒక్కటీ లేదు. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం కుదిరిపోదు.

ఇంగ్లిషు ఏప్రిల్ ఫూల్ మనకు చేరింది బడి గుమ్మం గుండా. బంగాళాదుంపను సగానికి కోసి, ఏ, ఎఫ్ అక్షరాలు తిరగేసి చెక్కి, సిరా పూసి పక్కవాడి తెల్లచొక్కా వీపు మీద గుద్దడం రెండు తరాల పిల్లలకి తెలిసిన విద్య. ఇంట్లో తన్నులు తిన్నది మాత్రం చొక్కా వేసుకున్నవాడే. వంశీ 1991లో తీసిన ‘ఏప్రిల్ 1 విడుదల’లో ఆ తేదీని తలకిందులు చేశాడు. అందులో రాజేంద్రప్రసాద్ ఏప్రిల్ 1 వచ్చేదాకా అబద్ధమాడకుండా ఉండాలి. నిజం చెప్తే ఎన్ని కొంపలు మునుగుతాయో చూసి నవ్వుకున్నాం.

టెక్కలి, పలాస మనుషులకి ఏప్రిల్ ఒకటి అంటే అసలు గుర్తు రావలసింది వేరు. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు మొదలైంది 1900 ఏప్రిల్ 1న. సరిగ్గా ముప్ఫై ఆరేళ్ళకి, 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. అప్పటిదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. పర్లాకిమిడి అటు వెళ్ళింది. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ఇటు మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా వచ్చేదాకా, అంటే 1950 దాకా, అలాగే ఉన్నాయి. మార్చి 31న టెక్కలిలో రైలెక్కి పర్లాకిమిడిలో దిగిన మనిషి ఉన్నది సొంత జిల్లాలోనే. మర్నాడు తిరుగు రైలు ఎక్కితే రాష్ట్రం దాటాలి. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య మహేంద్రతనయ ఒక్కటే అడ్డం. నది ఇవతల మేనత్త, అవతల మేనల్లుడు. ఆ రోజు ఎవరైనా వచ్చి ‘మీ అత్తది ఇప్పుడు వేరే రాష్ట్రం’ అని చెప్పి ఉంటే వేళాకోళం అనుకోవడంలో తప్పేముంది? ఒడిశాలో ఇవాళ్టికీ ఆ తేదీన ఉత్కళ దివస్ జరుపుతారు.

సరే, అరువు తెచ్చుకున్న రోజు సంగతి వదిలేద్దాం. అల్లరికి లైసెన్సు ఇచ్చే రోజు మనకంటూ లేదా? ఒకటి కాదు, రెండున్నాయి.

వినాయక చవితి నాడు చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు తప్పవంటారు. శమంతక మణి విషయంలో కృష్ణుడంతటివాడికే దొంగ అన్న మాట పడింది. వ్రతకథ విని అక్షతలు వేసుకోవడం పెద్దల దారి. కుర్రాళ్ళ దారి ఇంకోటి. రాబోయే నింద ఎలాగూ తప్పదు కాబట్టి, ఇప్పుడే ఎవరిచేతైనా తిట్టించుకుంటే ఆ బాకీ తీరిపోతుందని లెక్క. పక్కింటి పెంకుల మీద రాయి పడుతుంది, పెరట్లో పాదు మీద కాయ మాయమవుతుంది. బీహార్, ఉత్తరప్రదేశ్ వైపు ఈ చవితికి ఢేలా చౌథ్ అనే పేరే ఉంది. ఢేలా అంటే మట్టిపెళ్ళ, వేసేది పొరుగింటి కప్పు మీద.

రెండోది భోగి. అల్లరిలో దీన్ని మించింది నాకు తెలిసి తెలుగునాట ఇంకోటి లేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో భోగి ముందు రాత్రి గుంటలు నిద్రపోరు. వాడకో మంట. పక్క వాడ మంట కంటే మనది ఒక జానెడైనా ఎత్తు లేవాలి. కొనుక్కొచ్చిన కర్రతో వేసిన మంటకు విలువ లేదు. దడికి కట్టిన కొబ్బరి మట్టలు, పశువుల సాల పక్కన ఒరిగించిన దుంగ, కుక్కి మంచం పట్టెలు, ఊగిపోతున్న వాకిలి తలుపు, నూతి దగ్గర పెట్టుకున్న తాటి మొద్దు... చీకట్లో ఏది కదిలితే అది మంట దగ్గరికి నడుస్తుంది. చలికి దుప్పటి ముసుగేసి అరుగు మీద కాపలా పడుకున్న తాతని మంచంతో సహా లేపుకుపోయారన్న కథ ఏ ఊరు వెళ్ళినా ఎవరో ఒకరు చెప్తారు. అన్ని ఊళ్ళలోనూ ఒకే తాత ఎలా పడుకున్నాడో నాకు అర్థం కాదు. కథ మాత్రం ఎప్పుడు విన్నా బాగుంటుంది.

ఇది దొంగతనమా అంటే, కాదు. నాగలి, కాడి, బండి చక్రం లాంటివి ముట్టుకుంటే అది వేళాకోళం దాటి తగువు అవుతుంది. పొరుగూరి మీద పడితే కొట్లాట. పొద్దు పొడిచాక ఎత్తుకొస్తే నిజంగా దొంగతనమే. బ్రిటన్‌లో ఏప్రిల్ ఒకటి ఆటకి మధ్యాహ్నం పన్నెండు దాకానే గడువు. ఆ తర్వాత ఆట పట్టించబోయినవాడే ఫూల్. ఇంగ్లండులో ఉత్తరాన, నవంబరు మంటలకు ముందు రాత్రి, పిల్లలు ఇళ్ళ గేట్లు ఊడబీకి ఎక్కడో పెట్టి వస్తారు. కర్ణాటకలో హోలీకి కాముణ్ణి కాల్చడానికి కుర్రాళ్ళు కట్టెలూ పిడకలూ ఎత్తుకెళ్ళడం మామూలే. ఇన్ని చోట్ల మంటకూ కర్రకూ అల్లరికీ పొత్తు కుదిరింది. ఎవరు ఎవరికి నేర్పారో చెప్పడానికి శాసనమూ లేదు, రాజూ లేడు. చలికాలంలో కుర్రాళ్ళు, పెద్ద మంట, పొరుగువాడి దడి ఉంటే చాలు, పండగ దానంతటదే తయారవుతుంది. ఏప్రిల్ ఫూల్‌కి మూలపురుషుణ్ణి వెతికేవాళ్ళు ఒకసారి భోగి నాడు ఉద్దానం వచ్చి చూస్తే బాగుండునని నాకు అనిపిస్తుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారధి దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వరసలు వరసలుగా ఒరిగిపోయాయి. మూడు నెలలకి భోగి వచ్చింది. ఎటు చూసినా కూలిన మొద్దులే. కర్ర కోసం ఒకరి దడి పీకాల్సిన అవసరం లేని భోగి అది. అలాంటి కలిమి మళ్ళీ రాకూడదు.

ఇప్పుడు దడుల స్థానంలో సిమెంటు గోడలు లేచాయి. చందాలు పోగేసి ట్రాక్టరుతో కర్ర దింపించే వాడలూ ఉన్నాయి. ఎత్తుకుపోవడానికి ఏదో ఒకటి మిగిలిన ఊళ్ళలో మాత్రం పద్ధతి మారలేదు. తెల్లవారుజామున ఓ అవ్వ ‘ఓలమ్మో, నా దడి పీకీసినార్రా గుంటెదవలు!’ అని వాడంతా లేపుతూ మంట దాకా వస్తుంది. తన కర్రల్ని గుర్తుపడుతుంది. మంటలో పడినదాన్ని ఎవరూ వెనక్కి తీయరు కనుక ఇంకో నాలుగు తిట్లు కలిపి, వేడి బాగా తగిలే చోటు చూసుకుని కూర్చుంటుంది. ఆ మంట మీద కాగిన నీళ్ళతోనే ఆమె మనవడు తలంటుకుంటాడు. దడి పీకినవాళ్ళలో వాడూ ఉన్నాడు.