కోడు కన్నా ముందు కాలరు

సోమవారం రాత్రి తొమ్మిదిన్నర. అమీర్‌పేటలో మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు రండి. జావా, పైథాన్, డెవాప్స్ అంటూ ఫ్లెక్సీలు మీదికి వంగి పిలుస్తుంటాయి. వాటిని దాటి హాస్టళ్ల గల్లీలోకి తిరిగితే మూడు కుర్చీల కటింగ్ షాపు. కుర్చీలు నిండాయి, బయట బెంచీ నిండింది, గోడకు ఆనుకుని ఇంకో నలుగురు. రేపు మంగళవారం, షాపు తెరవరు. ఎల్లుండి పొద్దున్నే రాయదుర్గంలో వాకిన్ ఇంటర్వ్యూ.

బెంచీ మీద కాస్త జరిగి మీకు చోటిచ్చిన కుర్రాడి ఫోన్లో స్ప్రింగ్ బూట్ ప్రశ్నలున్నాయి. చూపు మాత్రం అద్దం మీదే ఉంది. వంతు వచ్చింది.

"గడ్డం మొత్తం తీసేయాల్నా తమ్మీ?"

"ట్రిమ్ చేస్తే నడుస్తదా అన్నా?"

"ఫ్రెషర్‌వా, ఎక్స్‌పీరియన్స్ ఉందా?"

"ఫ్రెషర్‌నే."

"అయితే గీకేద్దాం."

షాపాయన ఏ హెచ్ఆర్ కోర్సూ చదవలేదు. ఉద్యోగం వచ్చినవాళ్లూ రానివాళ్లూ మళ్లీ అదే కుర్చీలో కూర్చుని చెప్పిన కబుర్లే ఆయన చదువు. ఫ్రెషర్‌వా అని ఆయన అడిగిన ప్రశ్నలో ఎంత అనుభవం ఉందో బుధవారం మీకే తెలుస్తుంది.

బుధవారం. బ్లూ లైన్ చివరి స్టేషన్ దాకా నిలబడే వచ్చాం. ఇస్త్రీ చొక్కా అప్పుడే సగం నలిగింది. ఏసీ హాల్లో కూర్చున్నాక చెమట వాసన, డియోడరెంట్ వాసన కలిసి మీ ముక్కుకు తగులుతున్నాయి. మూడో వరుసలో ఒకడు కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకుంటున్నాడు. రూమ్మేట్ దగ్గర తెచ్చుకున్న నల్ల బూట్లు, ఒక సైజు పెద్దవి.

ఆడపిల్లల లెక్క ఇంతకన్నా చిక్కు. వాష్‌రూమ్ అద్దం ముందు ఒకమ్మాయి కాటుక దిద్దుకుంది, తుడిచేసింది, మళ్లీ దిద్దుకుంది. తక్కువైతే నీరసంగా ఉందంటారు, ఎక్కువైతే ఓవరంటారు. ఆమె భయం వట్టి భ్రమ కాదు. అమెరికాలో జాక్లిన్ వాంగ్, ఆండ్రూ పెనర్ అనే సమాజశాస్త్రజ్ఞులు 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. అందంగా కనిపించేవాళ్లకు సంపాదన ఎక్కువే. కానీ తయారయ్యే తీరును లెక్కలోకి తీసుకుంటే, ఆడవాళ్ల విషయంలో ఆ తేడా దాదాపు మాయమైంది. అంటే పుట్టుకతో వచ్చిన ముఖం కన్నా అద్దం ముందు పెట్టిన శ్రమకే విలువ కడుతున్నారన్న మాట. ఆ శ్రమకు డబ్బూ టైమూ కావాలి. హాస్టల్ గదిలో రెండూ కరువే.

ఇంతలో నల్ల బట్టలు, మెడలో మాల, ఉత్త కాళ్లు, నెల రోజుల గడ్డంతో ఒకతను లోపలికెళ్లాడు. "రండి స్వామీ, కూర్చోండి" అని లేచి మరీ ఆహ్వానించారు. రెండో రౌండ్ వీడియోలో. తెర మీది ఢిల్లీ మేనేజరు పైథాన్ సంగతి వదిలేసి, ఈ వేషమేమిటని అడిగాడు. అయ్యప్ప దీక్ష గురించి చెప్పడంతోనే మొదటి ఐదు నిమిషాలూ గడిచాయి. గడ్డమూ మారలేదు, మనిషీ మారలేదు, చూసే కళ్లు మారాయంతే.

మన కుర్రాడిని పిలిచారు. తలుపు తెరుచుకోగానే లోపల ఇంటర్వ్యూ చేసే టెక్ లీడ్ కనిపిస్తాడు, మీరూ చూడండి. వెలిసిన టీషర్టు, ఫ్లోటర్స్, వారం రోజుల గడ్డం. ఎవరూ ఏమీ అనరు, ఆయన కోడు ఏమిటో అందరికీ తెలుసు కదా. చూపించడానికి ఇంకా ఏమీ లేనివాడినే కాలరు చూసి కొలుస్తారు. షాపాయన ప్రశ్న అందుకే.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, స్నానం, కత్తిరించిన గోళ్లు, ఉతికిన చొక్కా చాలు. బ్లేజరు కోసం అప్పు చేయకండి. ప్యానెల్లో కూర్చునే పెద్దలకూ ఒక విన్నపం: ముందు కోడు రాయించి చదవండి, ఆ తర్వాతే మనిషిని లోపలికి పిలవండి.