ఒక పల్లె కోవెల, దాని వనము

జపాను దేశమున వకయామ మండలమునందు కుమనో పర్వతములు గలవు. వేయేండ్లుగా యాత్రికులు ఆ కొండదారుల వెంట నడచిపోయి అచ్చటి మూడు మహాక్షేత్రములను సేవించుచున్నారు. నడుమ నడుమ ఆగి మ్రొక్కుటకై దారిలో చిన్న కోవెలలు వెలసినవి. వానిని ఓజులందురు. నోనకా యను పల్లెలోని త్సుగిజకురా ఓజి వానిలో నొకటి. దాని కథను మీకు విన్నవించెదను.

షింటో మతమున విగ్రహము ప్రధానము గాదు. కొండయు, జలపాతమును, మహావృక్షమును దేవతాస్థానములే. భక్తుడు తోరణమువంటి ద్వారముకడ తలవంచి లోనికేగును. చేతులు కడిగికొని నోరు పుక్కిలించును. సన్నిధిని రెండుమారులు వంగి, రెండుమారులు చప్పట్లు చరచి, మరల నొకమారు వంగి నమస్కరించును.

త్సుగిజకురా కోవెలకు రాతిమెట్ల నెక్కి పోవలెను. అచ్చట దేవదారువును బోలిన సుగి వృక్షములు ఆకసమునంటుచున్నవి. వాని కొమ్మలు దక్షిణమునకే చాచుకొనియుండును. నాచి క్షేత్రమున్న దిక్కునకు అవి చేతులు చాచినవని చెప్పుకొందురు.

ఈ చెట్లు నేటికి మిగులుట సామాన్యము గాదు. 1906వ సంవత్సరమున జపాను ప్రభుత్వము చిన్న కోవెలలను పెద్దవానిలో గలుప నారంభించెను. ఊరికొక కోవెల చాలుననియు, నిధిలేని కోవెలలు అక్కరలేదనియు అధికారుల తలంపు. 1914 నాటికి సుమారు 70,000 కోవెలలు మాసిపోయినవి. దేవత తరలిపోగానే వనము అమ్మకపు కలప యయ్యెను. త్సుగిజకురా దేవతనుగూడ వేరొక కోవెలలో గలిపి, చెట్లను నరుక మొదలిడిరి.

అప్పుడు మినకతా కుమగుసు అను పండితుడు అడ్డుపడెను. ఈయన 1867లో వకయామలో జన్మించి, అమెరికాలోను లండనులోను పెక్కేండ్లు విద్యావ్యాసంగము చేసి, 1900లో స్వదేశమునకు మరలెను. ప్రకృతిశాస్త్రమునందును, జానపదగాథలయందును ఆరితేరినవాడు. వనము నశించిన పక్షులు పోవుననియు, పక్షులు పోయిన పురుగులు పెరిగి పైరులను తినుననియు ఆయన వాదము. కోవెల దూరమైనచో వృద్ధులును శిశువులును పూజకు బోలేరనియు, ఊరివారి కూడిక చెడుననియు పత్రికలకు వ్రాసెను. అధికారుల నెదిరించి 1910లో 18 దినములు నిర్బంధమునందుండెను.

తుదకు 1920లో జపాను ప్రభువులసభ ఈ విలీనము నిష్ప్రయోజనమని తీర్మానించెను. అప్పటికే నష్టము జరిగిపోయినది. నోనకాలో కొన్ని చెట్లుమాత్రమే దక్కెను. ఆ యాత్రామార్గము 2004లో ప్రపంచ వారసత్వ స్థలముగా నెంచబడినది.

త్సుగిజకురాలో కోవెల మరల వెలసినది. నరకిన చెట్ల తావున మాత్రము ఆ వయస్సుగల చెట్టును ఏ ప్రభుత్వాజ్ఞయు మొలపింపజాలదు. ఊరి పెద్దలు గొడ్డలి పడకమున్నే నోరు విప్పవలెనని ఈ చరిత్ర బోధించుచున్నది.