శంషాబాద్ ఎయిర్‌పోర్టులో క్యూ ఎందుకు పెరుగుతుంది? దాని వెనుక లెక్క ఇదీ

ఉమ్రాకు వెళ్లే కుటుంబమైనా, సెలవు ముగించుకుని జెద్దా, దుబాయ్, కువైట్ తిరిగి వెళ్లే కార్మికుడైనా శంషాబాద్‌లో దాటాల్సిన మెట్లు అవే. చెక్-ఇన్, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ, ఆ తర్వాత బోర్డింగ్ గేటు. ప్రతిచోటా క్యూ ఉంటుంది. ఎక్కువసేపు నిలబడితే ఇంట్లో పెద్దలకు అలసట. విమానం తప్పిపోతే టికెట్ డబ్బు పోతుంది. వీసా గడువు దగ్గరపడిన వాళ్లకైతే ఉద్యోగానికే ఎసరు. ఈ క్యూలు ఎలా పెరుగుతాయో, ఎలా తగ్గుతాయో లెక్కగట్టే గణితాన్ని ‘క్యూయింగ్ థియరీ’ అంటారు.

టెలిఫోన్లతో మొదలు

ఈ లెక్కకు ఆద్యుడు డెన్మార్క్‌కు చెందిన ఎ.కె. ఎర్లాంగ్. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, ఫోన్ కాల్స్ రాకడపై 1909లో తొలి పరిశోధన ప్రచురించారు. ఎన్ని లైన్లు ఉంటే ఎంతమందికి కాల్ దొరుకుతుందన్నది ఆయన ముందున్న ప్రశ్న. అదే లెక్క తర్వాత బ్యాంకులు, ఆసుపత్రులు, టోల్ ప్లాజాలు, ఎయిర్‌పోర్టుల దాకా వచ్చింది.

ముగ్గురు పెరిగితే పది నిమిషాలు

ఒక్కటే కౌంటర్ ఉందనుకుందాం. ఒక్కో ప్రయాణికుడికి సగటున 2 నిమిషాలు. అంటే గంటకు 30 మందిని పంపగలదు. మనుషులు ఒక పద్ధతి లేకుండా వస్తారు, ఒకరి పని త్వరగా అవుతుంది, మరొకరిది ఆలస్యమవుతుంది అనుకుని ఈ థియరీ వేసే సగటు లెక్క ఇది:

గంటకు 15 మంది వస్తే: నిరీక్షణ 2 నిమిషాలు
24 మంది వస్తే: 8 నిమిషాలు
27 మంది వస్తే: 18 నిమిషాలు

24 నుంచి 27కు పెరిగింది ముగ్గురే. నిరీక్షణ మాత్రం రెట్టింపు దాటింది. కౌంటర్ సామర్థ్యం 90 శాతం దాటాక ఒక్కరి పాస్‌పోర్టులో చిన్న తేడా వచ్చినా ఆ ఆలస్యం వెనకున్న అందరి మీదా పడుతుంది. రద్దీ కొంచెమే పెరిగినట్టున్నా క్యూ ఒక్కసారిగా సాగిపోయేది అందుకే.

2008 మార్చిలో మొదలైనప్పుడు ఈ ఎయిర్‌పోర్టు సామర్థ్యం ఏడాదికి 1.2 కోట్ల ప్రయాణికులు. విస్తరణతో అది 3.4 కోట్లకు చేరింది. కానీ క్యూను తేల్చేది ఏడాది లెక్క కాదు. గల్ఫ్ విమానాలు వెంటవెంటనే బయలుదేరే ఆ రెండు మూడు గంటల్లో ఎంతమంది వచ్చారు, ఎన్ని కౌంటర్లు తెరిచి ఉన్నాయన్నదే అసలు సంగతి.

ఒకే క్యూ ఎందుకు మేలు?

ఇలాంటి కౌంటర్లే రెండు పెట్టి, గంటకు 24 మంది చొప్పున విడివిడి క్యూలు కడితే నిరీక్షణ సగటున 8 నిమిషాలు. ఆ 48 మందినీ ఒకే క్యూలో నిలబెట్టి, ఏ కౌంటర్ ఖాళీ అయితే అక్కడికి పంపితే మూడున్నర నిమిషాలే. మనుషులు వాళ్లే, కౌంటర్లూ అవే. ఒక కౌంటర్ ఖాళీగా ఉండగా పక్క క్యూలో జనం నిలబడే పరిస్థితి ఉండదు కాబట్టి సమయం ఆదా అవుతుంది. తాళ్లు కట్టి పాములా మెలికలు తిప్పే క్యూల వెనుక ఉన్నది ఇదే.

ఇందులో న్యాయం కూడా ఉంది. జుమా రోజు ముందొచ్చి కూర్చున్న వాళ్ల భుజాల మీదుగా దాటుకుంటూ ముందుకు వెళ్లకూడదన్న మర్యాద మసీదులో అందరికీ తెలిసిందే. ముందొచ్చిన వాళ్లకు ముందు అన్నది ఈ థియరీలోనూ ఒక నియమం. వీల్‌చైర్‌లో ఉన్న పెద్దలకు, విమానం టైమ్ దగ్గరపడిన వాళ్లకు ముందు దారి ఇవ్వడం ఇంకో నియమం.

గుంపుగా వస్తే

40 మంది ఉమ్రా బృందం ఒకేసారి ఒక కౌంటర్ ముందుకు వస్తే, మనిషికి 2 నిమిషాల చొప్పున చివరి వ్యక్తి వంతు 78 నిమిషాలకు వస్తుంది. నాలుగు కౌంటర్లు తెరిస్తే 18 నిమిషాలు చాలు. చాలా ఎయిర్‌లైన్లు అంతర్జాతీయ విమానాలకు గంట ముందే చెక్-ఇన్ మూసేస్తాయి కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

హజ్ యాత్రికులను ముందుగా నాంపల్లి హజ్ హౌస్‌కు రప్పించి, అక్కడి నుంచి బస్సుల్లో శంషాబాద్ పంపే పద్ధతిలోనూ ఇదే సూత్రం ఉంది. పని కొంత ముందే అయిపోతుంది, జనం విడతల వారీగా చేరుకుంటారు. మినాలో జమరాత్ దగ్గర బృందాలకు వేర్వేరు సమయాలు కేటాయించేదీ ఇందుకే. అక్కడ రద్దీని అదుపు చేయడం ప్రాణాలకు సంబంధించిన విషయం.

మీ వంతు ఎప్పుడో మీరే లెక్కగట్టవచ్చు

అమెరికాకు చెందిన జాన్ లిటిల్ 1961లో ఒక సూత్రాన్ని నిరూపించారు. దాన్ని ఇలా వాడుకోవచ్చు: ముందున్న వాళ్లను లెక్కపెట్టి, నిమిషానికి ఎంతమంది దాటుతున్నారో చూసి భాగించాలి. ముందు 60 మంది ఉండి, నిమిషానికి నలుగురు కదిలితే 15 నిమిషాలు. బోర్డింగ్‌కు అంత టైమ్ లేదనిపిస్తే చివరిదాకా ఆగకుండా వెంటనే సిబ్బందికి చెప్పాలి.

ప్రయాణికుల చేతిలో ఉన్నవి

• సామాను ఇంట్లోనే తూకం వేసుకోవాలి. కౌంటర్ దగ్గర పెట్టె విప్పి సర్దితే వెనక క్యూ అంతా ఆగుతుంది.
• ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు పనికి వెళ్లేవారు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, వీసా కాపీలు చేతిలో ఉంచుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, టికెట్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ముందే సరిచూసుకోవాలి.
• ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ 2025 జనవరి నుంచి హైదరాబాద్‌లోనూ ఉంది. ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని, వేలిముద్రలు, ముఖచిత్రం ఇచ్చిన వారు ఈ-గేట్ల గుండా వెళ్లవచ్చు.
• ఒకరిని సాగనంపడానికి మూడు కార్లలో రావడం మన ఇళ్లలో మామూలే. డిపార్చర్ ర్యాంప్ కూడా ఒక క్యూనే. సలాములు, దువాలు ఇంటి దగ్గరే పూర్తి చేసుకుని ఒక్క కారులో వస్తే వెనక వచ్చే కుటుంబానికీ దారి దొరుకుతుంది.

ఒక్క చోట కౌంటర్లు పెంచితే అంతా తీరదు. చెక్-ఇన్ వేగం పెరిగితే ఆ జనమే ఇమిగ్రేషన్ దగ్గర పోగవుతారు. వరుసలో అన్నిటికంటే నెమ్మదిగా నడిచే మెట్టు ఏదో, మొత్తం ప్రయాణం దాని వేగంతోనే సాగుతుంది. కౌంటర్లు, సిబ్బంది పెంచాల్సింది ముందుగా అక్కడే.