అనంతపురం జిల్లాలో ఉప ఎన్నికలు

శాసనసభ్యుడో ఎంపీయో చనిపోయినా, రాజీనామా చేసినా, అనర్హత వేటు పడినా, రెండు చోట్ల గెలిచి ఒకటే ఉంచుకున్నా ఆ సీటు ఖాళీ అవుతుంది. మిగిలిన పదవీకాలానికి అక్కడ జరిపేదే ఉప ఎన్నిక. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1996లో చేర్చిన 151ఎ సెక్షన్ దీనికి ఆరు నెలల గడువు పెట్టింది. పదవీకాలం ఏడాది లోపే మిగిలి ఉంటే ఈ గడువు వర్తించదు. అయితే గడువు లెక్క ఖాళీ అయిన రోజు నుంచే మొదలవుతుంది. మరణమైతే పేచీ లేదు. రాజీనామా, ఫిరాయింపుల విషయంలో మాత్రం ఖాళీని తేల్చాల్సింది స్పీకరే. ఉప ఎన్నికల చరిత్రలో చిక్కంతా ఇక్కడే ఉంది.

కదిరి నియోజకవర్గంలోని తనకల్లు మండలం హిందూపురం లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. ఈ ప్రాంతం ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నా, ఇక్కడి ఎన్నికల చరిత్ర ఉమ్మడి అనంతపురానిదే. 1985లో ఎన్టీఆర్ హిందూపురం, గుడివాడ, నల్గొండ అసెంబ్లీ స్థానాలు మూడింటా గెలిచి హిందూపురాన్ని ఉంచుకున్నారు. మిగతా రెండు చోట్ల జనం మళ్లీ ఓటెయ్యాల్సి వచ్చింది. ఇప్పుడైతే ఒకరు రెండు స్థానాలకు మించి పోటీ చేయడానికి వీల్లేదు. ఆ పరిమితి కూడా 1996 నాటిదే.

పెనుకొండ సంగతి వేరు. 2005 జనవరి 24న ఎమ్మెల్యే పరిటాల రవీంద్రను అనంతపురంలో తెలుగుదేశం పార్టీ కార్యాలయంలోనే కాల్చి చంపారు. అదే ఏడాది జరిగిన ఉప ఎన్నికలో ఆయన భార్య సునీత గెలిచి అసెంబ్లీకి వెళ్లారు.

జిల్లాను ఎక్కువగా కుదిపింది 2012. అంతకుముందు డిసెంబరులో తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానానికి వైఎస్సార్ కాంగ్రెస్ నేత జగన్ వర్గంలోని 16 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు, ప్రజారాజ్యం తరఫున గెలిచిన శోభా నాగిరెడ్డి మద్దతుగా ఓటేశారు. స్పీకర్ నాదెండ్ల మనోహర్ ఆ 17 మందినీ అనర్హులుగా ప్రకటించారు. చిరంజీవి రాజ్యసభకు వెళ్లడంతో తిరుపతి కూడా తోడై 18 అసెంబ్లీ స్థానాలకు, వాటితో పాటు నెల్లూరు లోక్‌సభకు జూన్ 12న పోలింగ్ జరిగింది. అది మృగశిర కార్తె. రాయదుర్గం పల్లెల్లో శెనక్కాయ విత్తడానికి పదును కోసం రైతులు మబ్బుల వైపు చూసే రోజులు. అప్పుడే బూత్ ముందు వరుస కట్టాల్సి వచ్చింది. అక్కడ కాపు రామచంద్రారెడ్డి, అనంతపురంలో గురునాథరెడ్డి, 2009లో హస్తం గుర్తుపై గెలిచిన ఈ ఇద్దరే, ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థులుగా నెగ్గారు. మొత్తం 18లో ఆ పార్టీకి 15 దక్కాయి. పార్టీ మారినవారిని జనం ఆమోదించారో లేదో ఓటుతోనే తేలింది.

కదిరి ఓటరుకు ఆ అవకాశం రాలేదు. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన అత్తార్ చాంద్ బాషా 2016లో తెలుగుదేశం పసుపు కండువా కప్పుకున్నారు. ఆ అయిదేళ్లలో అలా గోడ దూకినవారు 23 మంది. రాజీనామాలు లేవు, స్పీకర్ వేటూ లేదు. అందుకే తనకల్లులో పోలింగూ లేదు. వారిలో ఒకరైన భూమా నాగిరెడ్డి 2017 మార్చిలో గుండెపోటుతో చనిపోయాక మాత్రమే నంద్యాలలో ఉప ఎన్నిక వచ్చింది. ఆగస్టు 23న జరిగిన ఆ పోరులో ఆయన అన్న కొడుకు బ్రహ్మానందరెడ్డి 27,466 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఒకే తప్పుకు 2012లో ఓటరు తీర్పు, 2016లో మౌనం ఏమిటని కదిరి జనం అడిగితే సమాధానం చెప్పగలిగినవారు లేరు. ఇది ఓటరుకు జరిగిన అన్యాయమే.

అనర్హత ఫిర్యాదులను మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. రాజీనామాలకు అలాంటి గడువు కూడా లేదు. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణను నిరసిస్తూ విశాఖ ఉత్తరం ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామాను 2024 జనవరిలో ఆమోదించారు. అప్పటికి సాధారణ ఎన్నికలు ముంగిట్లో ఉండటంతో అక్కడ ఉప ఎన్నిక జరగలేదు.